చిన్న గుర్తు ఏ వైపు? లాన్ బౌల్స్ నేర్చుకుంటూ నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం లాన్ బౌల్స్‌లో నేను వేసిన బౌల్ (దొర్లించే పెద్ద బంతి) జాక్‌కి (గురిగా పెట్టే చిన్న బంతికి) జానెడు దూరంలో ఆగింది. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు, అంత సంతోషం! మూడు వారాల క్రితం అదే గ్రీన్ (ఆడే పచ్చిక మైదానం) మీద నాకు జరిగిన అవమానం చెబితేనే ఈ సంతోషం ఎంతటిదో మీకు తెలుస్తుంది.

సత్తెనపల్లిలో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల టీచర్‌గా చేశాను. రిటైరయ్యాక మెల్‌బోర్న్‌లో అమ్మాయి దగ్గరుంటున్నాను. ఈ ఆట పేరు నేను మొదట విన్నది 2022లో. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి టిర్కీ దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. వాళ్లలో పింకీ బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని అని చదివాక ఆట మీద మనసు పడింది. "వెళ్లి చూడమ్మా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు" అంది అమ్మాయి.

క్లబ్బులో చేరడం తేలికే. మొదట్లో బౌల్స్‌ని క్లబ్బే ఇస్తుంది, కొనకండి. మడమ లేని చదును బూట్లుంటే చాలు. రెండు చేతుల బొటనవేళ్లు, మధ్యవేళ్లు కలిపి బౌల్ చుట్టూ పట్టుకుంటే అవి ఒకదానికొకటి తగలాలి. అదే మీ సైజు.

ఇక అసలు సంగతి. బౌల్ రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఒక పక్కకు ఒరిగేలా చేస్తారు. వేగం తగ్గే కొద్దీ అది ఆ పక్కకు వంగుతుంది. దాన్నే బయాస్ అంటారు. ఆ పక్కన చిన్న గుర్తు, రెండో పక్కన పెద్ద గుర్తు ఉంటాయి. మొదటిరోజు నేర్పినాయన ఫోర్‌హ్యాండ్ ఒక్కటే చూపించాడు. కుడివైపుకి వదిలితే ఎడమకు వంగి జాక్ దగ్గరికి వస్తుంది. "ఇలా పట్టుకోండి" అన్నాడు తప్ప, ఎందుకలా పట్టుకోవాలో చెప్పలేదు.

రెండో వారం నన్ను ఒక జట్టులో వేశారు. ఎదురుగా ఉన్న స్కిప్ (జట్టు కెప్టెన్) బ్యాక్‌హ్యాండ్ వెయ్యమని చెయ్యి చూపించింది. ఎడమవైపుకి వదిలాను, కానీ పట్టు మాత్రం పాతదే. బౌల్ కుడికి తిరగాల్సింది పోయి ఇంకా ఎడమకు వంగి, పక్క రింక్‌లోకి (పక్క జట్లు ఆడే వరసలోకి) దూరి, వాళ్ల జాక్‌ని కొట్టింది. అక్కడ పోటీ ఆట జరుగుతోంది. ఆట ఆగిపోయింది. ఒక పెద్దమనిషి అందరూ వినేలా అరిచాడు: "ఏ పక్క పట్టుకోవాలో కూడా తెలియనివాళ్లని ఇక్కడికి ఎవరు రానిచ్చారు?" నాకు నేర్పినాయన అక్కడే ఉన్నాడు. నోరు మెదపలేదు. బౌల్ తెచ్చుకోవడానికి పక్క రింక్‌లోకి వెళ్తుంటే కాళ్లు వణికాయి. ఇంటికొచ్చి అమ్మాయికి కూడా చెప్పలేదు.

ఒక్క మాట చెప్పాలి. నా క్లాసులో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే, నేను ముందు నా బోర్డు వైపు చూసుకునేదాన్ని. నేర్పకుండా పరీక్ష పెట్టి, తప్పినవాడిని నలుగురిలో తిట్టడం టీచర్ పని కాదు. క్లబ్బుల్లో నేర్పేవాళ్లు ఈ ఒక్కటీ పాటిస్తే చాలు, సగం మంది కొత్తవాళ్లు రెండో వారానికే మానేయరు.

తర్వాతి మంగళవారం ఎవరూ లేని వేళ ఒక్కదాన్నే వెళ్లి ఎనభై బౌల్స్ వేశాను. అప్పుడు తెలిసింది, గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే సూత్రమని: ఏ చేతివాటమైనా, ఏ వైపుకి వేసినా, చిన్న గుర్తు లోపలికి, అంటే జాక్ ఉన్న వైపుకి ఉండాలి. వైపు మారిస్తే బౌల్ తిప్పి పట్టుకోవాలి. ఇప్పుడు మ్యాట్ (నిలబడి బౌల్ వేసే చాప) మీద కాలు పెట్టగానే "చిన్నది లోపలికి" అని తెలుగులో పైకే అనుకుంటాను. ఇంకో సంగతి, ఇక్కడి గ్రీన్లు జారుడుగా ఉంటాయి. బలం తగ్గించి, బాగా వెడల్పుగా వదలాలి. కొత్తవాళ్లం జాక్ మీదికే గురిపెడతాం. అది తప్పు.

నిన్న జాక్ దగ్గర ఆగింది బ్యాక్‌హ్యాండ్ బౌలే. మూడు వారాల్లో ఇంతవరకు వచ్చినవాళ్లు తక్కువని స్కిప్పే అంది. వచ్చే శనివారం నన్ను లీడ్‌గా, అంటే జట్టులో మొదట వేసేదానిగా, ఆడమంది. లీడ్ ముందు జాక్‌ని దొర్లించాలి, అది మ్యాట్ నుంచి 23 మీటర్లకు తక్కువ పడకూడదు. రేపట్నుంచి ప్రాక్టీస్ దాని మీదే.