నీడ దక్షిణానికి పడిన ఫోటో

సంక్రాంతికి కోనసీమ వెళ్లాలంటే టిక్కెట్టు దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషను తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు. చివరికి ప్రైవేటు బస్సుకి మామూలు ధర మీద మూడింతలు పోసి, మోకాళ్లు ముందు సీటుకి ఆనించి, తెల్లారేసరికి రామచంద్రపురంలో దిగాను. కోడిపందేలకి కాదు, ప్రభల తీర్థానికీ కాదు. సంచీలో ఇరవై మూడు పాత ఫోటోలున్నాయి. మా ఇల్లు, బడి, కాలవ గట్టు. అవి తీసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారో కనిపెట్టి, అక్కడే నిలబడి మళ్లీ తీయాలన్నది పని.

రావులపాలెం మీదుగా నేరుగా అమలాపురం వెళ్లిపోవచ్చు. కానీ ఒక ఫోటో కోటిపల్లి పంటు మీద, అంటే బళ్లనీ జనాన్నీ ఏరు దాటించే పడవ మీద తీసింది. యానాం–ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో కాకినాడ వైపు నుంచి వచ్చేవాళ్లకి గోదావరి గౌతమి పాయ దాటడమంటే పంటే. ఇక్కడ ఇప్పటికీ అంతే, బైకులూ కార్లూ జనమూ ఒకే చెక్కల మీద. పాత ఫోటో రెండుంపావు అంగుళాల చదరం. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో 120 ఫిల్ము వేస్తే ఇలాంటివి పన్నెండు వచ్చేవి. ఎన్‌లార్జిమెంటుకి డబ్బులెందుకని నెగటివ్ సైజులోనే ప్రింటు వేయించేవారు. షట్టరుకి ఒకటే వేగం, అదీ నెమ్మది. పంటు ఇంజను అదురుకి మనుషులంతా మసక. అయినా అవతలి గట్టు మీది కొబ్బరి తలలు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయనుకుని వెళ్లాను. లాభం లేదు. ఆ చెట్లలో ఎన్ని మిగిలాయో 1996 నవంబరు 6 రాత్రి తుపానుకే తెలియాలి. కోనసీమ పాత ఫోటోలతో పనిపెట్టుకునేవాళ్లు చెట్టుని గుర్తుగా పెట్టుకోకూడదు. నుయ్యి, గుడి, కాలవ లాకులు, బడి మెట్లు, వీటినే నమ్మాలి. ఏటి మధ్యలో తీసిన ఫోటోకైతే ఎలాగూ చోటు దొరకదు. దగ్గర వస్తువొకటి, దూరపు వస్తువొకటి, రెండూ కదలనివి ఉంటే తప్ప.

ఇంటి ఫోటోలో ఆ జత ఉంది. ముందు అరుగు స్తంభం, వెనక కిటికీ. స్తంభం ఎడమ అంచు కిటికీ కమ్మీల్లో సరిగ్గా రెండింటిని కప్పుతోంది. మనం కుడికి జరిగితే స్తంభం ఎడమకి జరిగినట్టు కనబడుతుంది, ఎడమకి జరిగితే కుడికి. రెండు కమ్మీలు మూసుకునేదాకా జరుగుతూ పోతే ఒక గీత దొరుకుతుంది. ఆ గీత మీద ఎంత దూరంలో నిలబడాలన్నది స్తంభం పొడవుకీ వెనక తలుపు పొడవుకీ ఉన్న నిష్పత్తి చెబుతుంది. ముందుకి నడిస్తే స్తంభం తలుపుకన్నా వేగంగా పెరుగుతుంది. జూమ్ చేస్తే రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి జూమ్‌తో ఈ లెక్క తేలదు, కాళ్లతోనే తేలాలి. పాత ఫోటోని ఫోనులో సగం పారదర్శకంగా చూపించే యాప్‌లున్నాయి గానీ, ఎండలో ఆ తెర కనబడదు. కాగితం మీద రెండు కొలతలు రాసుకెళ్లడమే నయం.

ఎత్తు దగ్గర దెబ్బతిన్నాను. ఇంటిని కాస్త పక్కనుంచి తీసిన ఫోటోలో చూరు గీత కిందికి వాలుతుంది, మెట్ల అంచులు పైకి లేస్తాయి. నడుమ ఎటూ వాలకుండా ఉన్న గీత ఏదో అదే కెమెరా ఎత్తు. మా ఫోటోలో అది కిటికీ కింది చెక్క. నిలబడి కంటికి ఆనించి చూస్తే ఎంతకీ కుదరదు. చాలాసేపటికి బుర్రకి తట్టింది. ఫోటోలో అరుగుకి మూడు మెట్లున్నాయి, ఇప్పుడు ఒకటే. మెట్లు ఎవరూ తీయలేదు. వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసి వీధిని అడుగున్నర పైకి లేపారు. వానొస్తే నీళ్లు ఎటు పోతాయో వేరే చెప్పాలా? అంటే అప్పుడు నిలబడి తీసిన ఫోటో ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని తీయాలి. ఆ చోటు కూడా సరిగ్గా సిమెంటు రోడ్డు నడిమధ్య, పిన్ని వేసిన రథం ముగ్గు మీద. "ఒరేయ్, ముగ్గు తొక్కావంటే ఊరుకోను," అని అరుగు మీంచి కేక.

ముగ్గుకి అవతల మోకరిల్లి ఫ్రేము కుదుర్చుకున్నాక తేలిన సంగతి, ఇంత ఖర్చుపెట్టి తప్పు నెలలో వచ్చానని. ఇల్లు తూర్పు ముఖం. ఇంటివైపు చూస్తుంటే మన ఎడమ చెయ్యి దక్షిణం. పాత ఫోటోలో మెట్ల ముందు నిలబడ్డ తాతయ్య నీడ కురచగా ఎడమకి పడింది. మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడాలంటే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోవాలి. పదహారున్నర డిగ్రీల అక్షాంశం దాటి ఉన్న మా వైపు అది మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే జరుగుతుంది. జూన్ నడిమికి అయిదడుగుల మనిషి నీడ ఏడంగుళాలు. సంక్రాంతికి అదే మనిషికి ఉత్తరం వైపు దాదాపు నాలుగడుగులు. దేశం గడియారాన్ని నడిపే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి ఇక్కడ గడియారం పన్నెండంటే ఇంచుమించు సూర్యుడి పన్నెండే, పెద్ద సవరణ అక్కర్లేదు. వెనక తేదీ లేని ఫోటోకి నెలలైనా దొరికాయి, వేసవి సెలవులో, బడి తెరిచిన కొత్తో. నేను తీసినదాంట్లో మాత్రం నీడ కుడికి చాచుకుని పడింది.

బడికి వెళ్తే తాళం. సంక్రాంతి సెలవులు. "ఆయ్, తాళం మా దగ్గరే ఉందండి," అంటూ ఎదురింట్లోంచి అటెండరు వచ్చి హెడ్మాస్టరు గది తీశాడు. గోడ మీద డెబ్భైల నాటి పదో తరగతి గ్రూపు ఫోటో. ముందు నేల మీద కూర్చున్న వరస, కుర్చీల్లో మేష్టార్లు, వెనక నిలుచున్నవాళ్లు, ఆ వెనక బెంచీలెక్కినవాళ్లు, నడుమ సుద్దతో సంవత్సరం రాసిన పలక. కింద అట్ట మీద "ఎడమ నుంచి కుడికి" అంటూ పేర్లు. వానాకాలం చెమ్మ గోడలోంచి ఫ్రేములోకి దిగి, ఫోటో మీది జెలటిన్ పొర ఉబ్బి అద్దానికి అతుక్కుపోయింది. అతుక్కున్న చోట తడి మరకలాగా మెరుస్తుంది, చూడగానే తెలుస్తుంది. "వెనక మేకులు పీకి తీసెయ్యమంటారాండి?" అని అతను స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఆ పనే చెయ్యకూడదు. పీకితే కాగితం మన చేతిలోకి, ముఖాలు అద్దం మీదకి. వేడి చేసినా, నానబెట్టినా ఇంట్లో చేసే వైద్యం ఏదీ పనికిరాదు. ముందు అద్దం మీదుగానే కాపీ తీసుకోవాలి.

ఫ్రేముని తలుపు పక్కన, వెలుగు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేలా బల్లకి చేరేశాం. నల్ల తువ్వాలుకి రూపాయి బిళ్లంత కంత చేసి, అందులోంచి ఫోను లెన్సు పెట్టి, తువ్వాలు వెనక మేం దాక్కున్నాం. అద్దంలో మెరుపు అంటాం గానీ, చాలావరకు అందులో కనబడేది మన తెల్ల చొక్కాయే. ఫ్లాష్ వద్దు. ఫోనులో మామూలు వైడ్ లెన్సు అంచుల్ని ఉబ్బిస్తుంది, నిజమైన రెండింతల లెన్సు ఉంటే అది పెట్టి వెనక్కి జరగాలి. వేలి అదురు లేకుండా రెండు సెకన్ల టైమరు. మొత్తం ఒకటి, తర్వాత నాలుగు ముక్కలుగా దగ్గర్నుంచి, పేర్ల పట్టీ వేరే. కింది వరసలో ఇద్దరి కాళ్లూ ఒకరి గడ్డమూ చెమ్మకి పోయాయి, అవి ఇక రావు. ఫ్రేము వెనక కింది మూలలకి సీసా బిరడా ముక్కలు అంటించి, గోడకి గాలి సందు ఉండేలా తగిలించి వచ్చాం. ఫోటోకీ అద్దానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల అట్ట చట్రం మొదట్లోనే పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఫ్రేము కట్టేవాళ్లు అడగందే పెట్టరు.

పిన్ని అటక మీంచి దించిన ట్రంకు పెట్టెలో ఇంకో ఆల్బం దొరికింది, జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర ఉండేది. నలుపు–తెలుపువి బాగానే ఉన్నాయి. రంగువి ఎర్రబడ్డాయి, నీలి–ఆకుపచ్చ రంగు ముందు వెలిసిపోవడం వల్ల. జిగురు పసుపెక్కి బిగిసింది. గోరుతో లేపితే మూల విరుగుతుంది. సన్న తంగూసు ఫోటో కిందికి పోనిచ్చి రంపంలా అటూ ఇటూ లాగితే మెల్లగా ఊడుతుంది. కదలనిదాన్ని పేజీతో సహా కత్తిరించి ఉంచడం మేలు. కవరులో నెగటివులు కూడా ఉన్నాయి. టాబ్లెట్ తెర తెల్లగా పెట్టి, నెగటివ్‌ని దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపి, మెరిసే వైపు కెమెరాకి ఉండేలా తీశాను. ఆనించి పెడితే తెర చుక్కలన్నీ పడతాయి, తిరగేస్తే ఎడమ కుడవుతుంది. పాలిథిన్ కవర్లు తీసేసి కాగితం కవర్లలో పెట్టి, పేర్లు బాల్‌పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిలుతో రాయమని చెప్పాను. కలరా ఉండలు ఫోటోలకి తగలకూడదనీ చెప్పాను. పిన్ని ఎంతవరకు విందో తెలీదు, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు చల్లారిపోతున్నాయన్న ధ్యాసలో ఉంది.

తిరుగు బస్సు ధర చెప్పను, చెబితే మళ్లీ కోపం వస్తుంది. తాతయ్య ఫోటో కోసం జూన్‌లో ఇంకోసారి రావాలి. "త్వరగా రా మరి, ఉగాది దాటాక వీధిలో మళ్లీ రోడ్డు పోస్తారట," అంది పిన్ని. ఇంకో అర అడుగు. ఈసారి బోర్లా పడుకుని తీయాలేమో.