ప్రయాణానికి ఒకే లెన్స్ కొనాలంటే 18-135 దగ్గర ఆగండి

కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ (ఈ అంకెలు మి.మీ.లలో ఫోకల్ లెంగ్త్: చిన్నదైతే వెడల్పాటి దృశ్యం, పెద్దదైతే దూరపుది దగ్గరగా వస్తుంది) మీద విసుగు పుట్టగానే చాలామంది చూపు 18-300, 18-400 వైపు పోతుంది. జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న లెక్క. కానీ ఊళ్లు తిరుగుతూ ఫోటోలు తీసేవాళ్లు, అందులోనూ డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేవాళ్లు, 18-135 దాటి వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. నికాన్‌లో దీనికి సాటి 18-140, కెనాన్ మిర్రర్‌లెస్‌లో (లోపల అద్దం లేని కెమెరాల్లో; అద్దం ఉన్నవి డీఎస్ఎల్ఆర్‌లు) 18-150. ఇక్కడ రాసేదంతా ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న బాడీలకు, అంటే కెమెరాలకు. ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవాళ్లకు ఈ అంకెలు వర్తించవు.

కొనే ముందు మీ పాత ఫోటోలు తీయండి. కంప్యూటర్‌లో ఫోటో ప్రాపర్టీస్ తెరిస్తే ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో కనిపిస్తుంది. బాగా నచ్చినవి ఓ యాభై ఏరి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. సగానికి పైగా 55 దగ్గరే ఉండి, వాటిని ఇంకా కోసి దగ్గరికి తెచ్చుకుని ఉంటే మీకు తక్కువైంది దూరం. అన్నీ 18 దగ్గరే పోగుపడితే 18-135 కొన్నా మీ కొరత తీరదు, వైడ్ లెన్స్ చూసుకోవాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లకైతే సెకండ్ హ్యాండ్‌లో దొరికే 15-85 మంచి బేరం. బరువు మాత్రం 575 గ్రాములు.

ఏ ఫోకల్ లెంగ్త్ ఎంత చూపిస్తుందో కొలతల్లో పెట్టుకుంటే సందేహాలు చాలావరకు తీరిపోతాయి. కెనాన్ ఏపీఎస్-సీ సెన్సర్ 22.3 మి.మీ. పొడవు, 14.9 మి.మీ. ఎత్తు. ఇరవై మీటర్ల గోపురాన్ని నిలువు ఫ్రేమ్‌లో, కెమెరా కాస్త పైకెత్తి, కింది నుంచి కలశం దాకా పట్టాలంటే 18 దగ్గర పన్నెండు పదమూడు మీటర్ల దూరం చాలు. 24 దగ్గరైతే పద్దెనిమిది మీటర్లకు పైనే వెనక్కి వెళ్లాలి. మన గుడి వీధుల్లో అంత వెనక్కి పోతే కొబ్బరికాయల కొట్టులోకి వెళ్లిపోతాం.

ఇక రెండో కొస. రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) ఉంటాయి. పది మీటర్ల అవతల నిలబడి 135 దగ్గర నిలువుగా తీస్తే ఫ్రేమ్‌లో పట్టేది సుమారు 1.65 మీటర్ల ఎత్తు. అంటే చుట్టూ ఉన్న స్తంభాలు, జనం ఏమీ లేకుండా ఒక్క శిల్పమే నిండుగా వస్తుంది. అదే దూరంలో 55 దగ్గర నాలుగు మీటర్లు పడుతుంది, శిల్పం గోడలో కలిసిపోతుంది. వెడల్పాటి దృశ్యాన్ని ఈ రోజుల్లో జేబులోని ఫోన్ కూడా బాగానే తీస్తుంది. కెమెరా మోసుకెళ్లినందుకు ఫలం దక్కేది 50 నుంచి 135 మధ్యలోనే. సంతలో మనుషుల ముఖాలు, ద్వారబంధాల చెక్కడాలు, అరకు లోయలో ఒకదాని వెనక ఒకటి పేరుకున్న కొండలు, ఇవన్నీ ఆ మధ్యవే.

మరి 300, 400 ఎందుకు వద్దు? పులికాట్‌లో వంద మీటర్ల దూరాన నిలబడ్డ ఫ్లెమింగో ఎత్తు సుమారు 1.25 మీటర్లనుకోండి. 300 దగ్గర అడ్డంగా పట్టుకుంటే ఫ్రేమ్ ఎత్తు దాదాపు ఐదు మీటర్లు, పక్షి అందులో పావు వంతు. పక్షుల కోసమే వెళ్లేవారికి అదీ చాలదు, మామూలు ప్రయాణికుడికి అది ఏడాదికోసారి వచ్చే అవసరం. దాని కోసం రోజూ మెడకు వేలాడే బరువు చూడండి: ట్యామ్రాన్ 18-400 సుమారు 710 గ్రాములు, కెనాన్ 18-135 ఎస్‌టీఎం 480. పైగా ఇలాంటి సూపర్‌జూమ్‌లు చివరి కొసన ఎఫ్/6.3 దగ్గర మెత్తబడతాయి (ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే లెన్స్ లోపలి రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). పదును కోసం ఎఫ్/8కి తగ్గిస్తే వెలుతురు ఇంకా తగ్గి ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పెంచి చూపే స్థాయి) పెరుగుతుంది, ఫోటో గరుకవుతుంది.

మౌంట్ (బాడీకి లెన్స్ తగిలించే అమరిక) వారీగా చెప్పాలంటే, కెనాన్ డీఎస్ఎల్ఆర్ 18-135లో మూడు రకాలున్నాయి, పేరు దాదాపు ఒకటే కాబట్టి జాగ్రత్త. 2009 నాటి మొదటిదానికి ఫోకస్ మోటార్ చప్పుడు ఎక్కువ, వీడియోలో వినబడుతుంది. 2012 నాటి ఎస్‌టీఎం నిశ్శబ్దంగా పనిచేస్తుంది. 2016 నాటి యూఎస్ఎం ఇంకా వేగం, 515 గ్రాములు. డబ్బుకు తగ్గ విలువ ఎస్‌టీఎంలోనే ఉంది. లెన్స్ మీద ఆ అక్షరాలు చూశాకే బేరం మొదలుపెట్టండి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ 18-140 వీఆర్ 490 గ్రాములు. డీ3500, డీ5600 లాంటి బాడీల లోపల ఫోకస్ మోటార్ ఉండదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్, ఏఎఫ్-డీ లెన్స్‌లు చవగ్గా దొరికినా వాటి మీద చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. ఏఎఫ్-పీ లెన్స్‌లకు ఇంకో చిక్కు ఉంది: డీ3100, డీ90 లాంటి పాత బాడీల మీద వాటికి ఆటోఫోకస్ పనిచేయదు. మిర్రర్‌లెస్‌లో బరువు బాగా తగ్గింది. సోనీ 18-135 325 గ్రాములు, నికాన్ జడ్ డీఎక్స్ (నికాన్‌లో ఏపీఎస్-సీ పేరు) 18-140 315, కెనాన్ ఆర్ఎఫ్-ఎస్ 18-150 310.

సోనీ వాళ్లకు సిగ్మా 18-50 ఎఫ్/2.8 కూడా ఆశపెడుతుంది. 290 గ్రాములే, పదును చాలా బాగుంటుంది. కానీ అందులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు, ఏ6000, ఏ6400 బాడీల్లోనూ లేదు. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా 50 దగ్గర షటర్ వేగం సెకనులో 1/80 వంతు కంటే తగ్గకూడదు. రాత్రి వీధులు, మండపాల లోపలి ఫోటోలే ఎక్కువ తీసేవారైతే దాన్నే తీసుకోండి, దూరం మాటే వదులుకోండి.

18-135కు ఉన్న అసలు లోటు వెలుతురే. ఎఫ్/3.5 అన్నది 18 దగ్గర మాత్రమే. 35కి వచ్చేసరికి సుమారు 4.5, వందకు చేరకముందే 5.6. చీకటి మండపంలో 35 దగ్గర 1/60 షటర్‌కు ఐఎస్ఓ 6400 కావలసి వస్తే, అదే చోట 35 ఎఫ్/1.8 లెన్స్‌తో ఐఎస్ఓ 1000 సరిపోతుంది. నికాన్ డీఎక్స్ 35 ఎఫ్/1.8 బరువు 200 గ్రాములు. 18-400 కోసం అదనంగా పెట్టే డబ్బును ఇలాంటి చిన్న లెన్స్ మీద పెట్టడమే తెలివైన పని. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారేమో. అది చేతి వణుకునే ఆపుతుంది, కదిలే మనిషిని ఆపలేదు. నంది విగ్రహాన్ని 1/15 దగ్గర తీయొచ్చు, హారతి పట్టే చేతికి మాత్రం 1/125 కావాలి.

ఈ లెన్స్‌లు కెమెరా కిట్లలో విరివిగా అమ్ముడయ్యాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. చూడటానికి మీ బాడీ, ఫోన్ టార్చ్ రెండూ తీసుకెళ్లండి. రెండు మూతలూ తీసి వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి కాస్త పక్కగా చూడండి. దుమ్ము రేణువులు నాలుగున్నా ఫోటోకు నష్టం లేదు. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వాడిన లెన్స్ అయితే ఇంకొంచెం సేపు చూడండి. తర్వాత లెన్స్‌ను నేలకు వంచి పట్టుకోండి. గొట్టం దానంతటదే కిందికి జారితే ఆ లెన్స్ బాగా వాడింది, ధర తగ్గించమనండి. జూమ్ తిప్పేటప్పుడు ఏదో ఒక చోట పట్టేసినట్టున్నా, ఫిల్టర్ అంచు నొక్కుకుపోయి ఉన్నా అది కింద పడిందని గుర్తు.

ఆ తర్వాతి పరీక్షను ఎక్కువమంది వదిలేస్తారు. బాడీకి తగిలించి అపర్చర్‌ను ఎఫ్/11కు పెట్టి 18, 35, 70, 135 దగ్గర ఒక్కో ఫోటో తీయండి. లోపల అపర్చర్‌కు వెళ్లే సన్నని ఫ్లెక్స్ కేబుల్ జూమ్ చేసినప్పుడల్లా మడతపడి ఏళ్ల తరబడి అరిగిపోతుంది. తెగితే పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో ఫోటోలు చక్కగానే వస్తాయి, తగ్గించగానే కెనాన్ బాడీ ఎర్రర్ 01 చూపిస్తుంది. అమ్మేవాళ్లు ఎఫ్/5.6 దగ్గర తీసిన ఫోటో చూపించి తృప్తిపరిచేది ఇలాంటి లెన్స్‌తోనే కావచ్చు. చివరగా ఇటుక గోడకు సరిగ్గా ఎదురుగా నిలబడి 18 దగ్గర ఎఫ్/5.6తో ఒకటి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే ఫర్వాలేదు. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగింది, తీసుకోవద్దు.

వాడకంలో పగలు ఎఫ్/8, ఆటో ఐఎస్ఓ గరిష్ఠంగా 6400, కనీస షటర్ 1/125 పెట్టుకుంటే రోజంతా తిరగొచ్చు. 18 దగ్గర స్తంభాలు బయటికి ఉబ్బినట్టు వస్తే కంగారు పడకండి, బాడీ మెనూలో డిస్టార్షన్ కరెక్షన్ ఆన్ చేస్తే సర్దుకుంటుంది. హుడ్ (లెన్స్ ముందు పక్క వెలుతురును ఆపే గొట్టం) మాత్రం తప్పక కొనండి. కెనాన్ ఇలాంటి లెన్స్‌లతో దాన్ని ఇవ్వదు. ఎస్‌టీఎంకు ఈడబ్ల్యూ-73బీ, యూఎస్ఎంకు ఈడబ్ల్యూ-73డీ, ఒకటి రెండోదానికి సరిపోదు. ఏసీ గదిలోంచి ఉక్కపోత బయటికి వచ్చేటప్పుడు కెమెరాను బ్యాగులోనే అరగంట ఉంచండి, లేదంటే గాజు మీద తేమ కమ్ముతుంది. ఇంట్లో అయితే బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నారింజ రంగు సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. గింజలు పచ్చబడితే తేమ నిండిందన్నమాట, వెంటనే మార్చేయండి.