ఒక్క అక్షరం తేడా

"మేడం, పేపర్లో మోడల్ నంబర్ చివర 'ఏ' ఉంది. బ్యాటరీ మీద 'బీ' ఉందండీ."

శంషాబాద్ కార్గో కౌంటర్లో అబ్బాయి అలా అనేసరికి సాయంత్రం అయిదున్నర. పెట్టె వెనక్కి తెచ్చేశాను.

విడి లిథియం అయాన్ బ్యాటరీ ప్యాకులు, అంటే పరికరంలో బిగించనివి. ప్రమాదకర సరుకుల జాబితాలో వాటి నంబర్ యూఎన్ 3480. దుబాయ్ వెళ్లాలి. ప్రమాదకర సరుకని తెలిపే డిక్లరేషన్ ఉంది, ప్రమాద హెచ్చరికగా క్లాస్ 9 లేబుల్ అతికించాం, చార్జింగ్ 30 శాతం లోపే ఉంచాం. బ్యాటరీ భద్రతా పరీక్షలు పాసైందని చెప్పే యూఎన్ 38.3 టెస్ట్ సమ్మరీ మాత్రం తయారీదారు పాత మోడల్‌ది పంపారు. నేనూ చూసుకోలేదు.

అది వట్టి కాగితం కాదు. ఆ బ్యాటరీని విమానం ఎత్తులో ఉండే తక్కువ గాలి పీడనంలో పెట్టి, వేడికీ చలికీ మార్చి మార్చి తిప్పి, కుదిపి, షార్ట్ సర్క్యూట్ చేసి మరీ చూశారని దాని అర్థం. లోపలి సెల్ వేరైతే ఆ పరీక్షలన్నీ ఇంకెవరి బ్యాటరీకో జరిగినట్టు.

ఇంటికొస్తుంటే 2010 సెప్టెంబరు 3 గుర్తొచ్చింది. దుబాయ్ నుంచి లేచిన సరుకు విమానం, లోపల లిథియం బ్యాటరీలు, మంటలు. కాక్‌పిట్ నిండా పొగ. వెనక్కి తిప్పి దుబాయ్‌లోనే దిగాలని చూశారు. ఇద్దరు పైలట్లూ పోయారు.

ఈ విడి ప్యాకుల్ని 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించనివ్వరు. సరుకు విమానాల్లోనే. వాటిలోనూ ముందు సీట్లలో మనుషులుంటారు కదా.

సరైన సమ్మరీ కోసం మెయిల్ పెట్టాను. అది రాగానే మళ్లీ ఆ కౌంటర్‌కే వెళ్తాను. ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పకుండానే వచ్చేశాను ఇవాళ.