సబర్మతి ఒడ్డున ఒక ఆదివారం

అహ్మదాబాద్‌లో గడిపిన నాలుగు రోజుల్లో నా మనసులో నిలిచింది ఆదివారం ఉదయం ఒక్కటే. కాలూపూర్ స్టేషన్ నుంచి ఎల్లిస్ బ్రిడ్జి దగ్గరికి మూడు కిలోమీటర్లకు ఆటో అతను నూట యాభై రూపాయలు తీసుకోవడంతో, నది దగ్గర దిగేసరికే నా మనసు చికాకుగా ఉంది.

హైదరాబాద్‌లో మూసీ మీది చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని పెరిగిన నాకు, సబర్మతి రివర్‌ఫ్రంట్ నడకదారి చూడగానే అసూయ కలిగింది. ఒక్కో ఒడ్డున సుమారు పదకొండున్నర కిలోమీటర్ల దారి, దుర్వాసన లేని గాలి, వ్యాయామం చేస్తున్న వృద్ధులు. అయితే అంచున నిలబడి చూస్తే, నిటారు కాంక్రీటు గోడకు ఆనుకుని కదలకుండా ఉన్నది నర్మదా కాలువ నుంచి తెచ్చి వాస్నా బరాజ్‌తో నిలిపిన నీరు. వర్షాకాలం తప్ప ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే నదిని 263 మీటర్ల సమాన వెడల్పుకు కుదించి, అలా బయటపడిన రెండు వందల హెక్టార్లకు పైగా నేలలో కొంత అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నదే ఈ పథకానికి మూలమైన ఆలోచన. దానికోసం 1997లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది, 2005లో పనులు మొదలయ్యాయి. నగర పునరుద్ధరణ తన ఖర్చు తానే సంపాదించుకోవాలనే ఈ సూత్రం తరువాత విధానంగా స్థిరపడింది. 2015లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం స్మార్ట్ సిటీస్ మిషన్ ప్రతి నగరానికీ ఇలాంటి ప్రత్యేక సంస్థ ఉండాలని షరతు పెట్టింది. మన మూసీకి కూడా 2017లోనే ఒక కార్పొరేషన్ ఏర్పడింది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన మాట వందేళ్ల కిందటే మన దేశంలో వినిపించింది. 1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లాండ్ నగర ప్రణాళికావేత్త ప్యాట్రిక్ గెడ్డిస్, పేటలకు పేటలు పడగొట్టి వెడల్పు రోడ్లు వేయడం కంటే, అవసరమైన చోట మాత్రమే కోత పెట్టి గాలీ వెలుతురూ రానివ్వడం మేలని తంజావూరు నివేదికలో వాదించాడు. ఆ దారిలో పని నెమ్మదిగా సాగుతుంది, అమ్ముకోవడానికి నేల మిగలదు. అందుకే అది విధానం కాలేకపోయిందని నా నమ్మకం.

నేను వెళ్లింది గుజరీ బజార్ చూడటానికి. పదిహేనో శతాబ్దం నాటిదని అక్కడివాళ్లు చెప్పుకునే ఆ సంతను ఈ పథకంలో భాగంగా కొత్త చోటికి మార్చారు. తుప్పు పట్టిన పానాలు, కుట్టుమిషన్ చక్రాలు, నొక్కులు పడిన ఇత్తడి చెంబులు నేల మీద పరిచి ఉన్నాయి. పాత చీరలు అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గర బేరమాడబోయి, గంటసేపు కూర్చుండిపోయాను. ఒకప్పుడు ఆమె గుడిసె నది ఒడ్డునే ఉండేదట. మూట నెత్తిన పెట్టుకుని పది నిమిషాల్లో సంతకు చేరేది. ఇప్పుడు వట్వాలో ఇచ్చిన ఫ్లాటు నుంచి ఆటోలో రావాలి.

"ఇల్లు బాగానే ఉంది బేటా, గోడలు పక్కావే," అని ఒక చీర మడత విప్పి, చిరుగు ఎక్కడుందో తానే వేలితో చూపించింది. "కానీ మూటకు కూడా కిరాయి అడుగుతారు."

మా ఊరి మూసీ గురించి చెప్పాను. 2024లో నదీగర్భంలో ఉన్న ఇళ్లని తెలుపుతూ గోడల మీద ఎర్ర రంగుతో రాసిన 'ఆర్‌బీ-ఎక్స్' గుర్తుల గురించి, కూల్చివేతల గురించి, కొన్ని కుటుంబాలకు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల గురించి కూడా చెప్పాను. ఆమె అంతా విని, "అక్కడి నుంచి వాళ్ల పనులకు ఎంత దూరం?" అని అడిగింది. అదే ఊళ్లో పుట్టి పెరిగి కూడా ఆ సంగతి నేను ఎవరినీ అడగలేదు.