డబ్బిచ్చి రాయించుకునే గేమ్ స్క్రిప్ట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ఒంటరిగా ఆడుకునే ఒక వ్యవసాయ గేమ్‌లో పదే పదే చేయవలసిన పనుల కోసం ఒక ఫ్రీలాన్సర్ చేత ఆటోహాట్‌కీ (కీబోర్డు, మౌస్ పనులను వాటంతట అవే జరిగేలా చేసే విండోస్ ప్రోగ్రామ్) స్క్రిప్ట్ రాయించుకున్నాను. ఆయన పంపినది చదవగలిగే ఫైల్ కాదు, కంపైల్ చేసిన ఈఎక్స్‌ఈ, అంటే లోపలి కోడ్ కనిపించకుండా నేరుగా నడిచే ప్రోగ్రామ్. పైగా తెరిచే ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమన్నారు. ఇలాంటి ఫైళ్లను యాంటీవైరస్‌లు అకారణంగా అనుమానించడం మామూలే కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది, కానీ కీబోర్డుపై మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ గమనించగల ప్రోగ్రామ్‌ను లోపల ఏముందో చూపకుండా నడపమనడం న్యాయం కాదు. సోర్స్ (చదవగలిగే అసలు కోడ్) ఇస్తేనే మిగతా సొమ్ము ఇస్తానని గట్టిగా చెప్పాక పంపారు.

అందులో మోసం లేదు, నాణ్యతా లేదు. క్లిక్ చేయవలసిన చోట్లన్నీ 1920×1080 తెరకు సరిపడే అంకెలుగా రాసి ఉండడంతో, 1366×768 ఉన్న నా ల్యాప్‌టాప్‌లో మొక్కలకు నీరు పోయవలసిన మౌస్ ఖాళీ నేల మీద క్లిక్ చేస్తూ పోయింది. 2022 డిసెంబరులో వచ్చిన ఆటోహాట్‌కీ వెర్షన్ 2లో పాత స్క్రిప్టులు చాలావరకు యథాతథంగా నడవవు. అయినా ఇది ఏ వెర్షన్‌దో ఎక్కడా రాయలేదు.

తరువాత దొరికినాయన ధర చెప్పకముందే తెర సైజు ఎంత, గేమ్‌ను విండోలో ఆడతారా, లోడింగ్ ఆలస్యమైతే ఏం చేయాలి అని అడిగారు. ఆన్‌లైన్ గేమ్‌లకు మాత్రం రాయనని, చాలా కంపెనీల నిబంధనలు ఒప్పుకోవని, ఖాతా పోతే తాను తిరిగి ఇప్పించలేనని ముందే చెప్పారు. "ఎవరికీ పట్టుబడదు" అని హామీ ఇచ్చేవారికంటే ఈయన మీదే నాకు గురి కుదిరింది. ఆయన కోడ్ మొదట్లోనే ఎఫ్8 నొక్కితే అంతా ఆగిపోయే ఏర్పాటు ఉంది.