తేలికపాటి ఎరను దూరం విసరడం: మూడు రకాల రీళ్లతో నా అనుభవం

మూడు గ్రాముల కృత్రిమ ఎరను గట్టు మీద నుంచి చెరువు లోపలికి చేర్చడం చేతి బలంతో అయ్యే పని కాదు. గాలిలో దూసుకుపోతున్న ఎర తన వెంట దేనిని లాక్కుపోవలసి వస్తుందన్నదే అందులో అసలు సంగతి. తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో, ఎక్కువగా రాయలచెరువు గట్టున, మూడు రకాల రీళ్లతో, అంటే గాలపు కర్రకు బిగించి దారాన్ని చుట్టి ఉంచే పరికరాలతో, సాధన చేసిన తరువాత నాకు ఈ విషయం స్పష్టంగా అర్థమైంది.

మన వైపు గాలం అనగానే గుర్తుకు వచ్చేది వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. కర్ర పొడవు, దారం పొడవు కలిపితే ఎంత వస్తుందో అంత దూరమే దాని అందుబాటు. వేసవిలో నీరు తగ్గి, తేటపడి, మనిషి అడుగుల చప్పుడుకే చేపలు గట్టుకు దూరంగా జరిగే రోజుల్లో ఆ దూరం చాలదు. పైగా అప్పుడు జిలేబి చేపలు, మట్టగిడసలు, చిన్న కొరమీనులు పెద్ద ఎరను చూసి బెదురుతాయి. అవి తినే చిట్టిచేపల పరిమాణంలో ఉన్నదాన్నే పట్టించుకుంటాయి. అందుకే రెండు నుంచి ఐదు గ్రాముల ఎరలను ఎంచుకున్నాను. చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిదో, వేలం పాడుకున్నవారిదో అవుతుంది కాబట్టి, ఎక్కడికి వెళ్లినా ముందు వారి అనుమతి తీసుకునేవాడిని. నా ఎరను అరచేతిలో పెట్టుకుని చూసిన ఒక పెద్దాయన, ‘ఏం సామీ, ఈకంత తూకం కూడా లేదే, ఇది ఆడిదాకా పోతాదా?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం రీల్‌ను బట్టి మారుతుంది.

మొదట నా చేతికి వచ్చింది మూత ఉన్న స్పిన్‌కాస్ట్ రీల్. వెనుక ఉన్న బొత్తాన్ని నొక్కి పట్టి, విసిరేటప్పుడు వదిలితే చాలు. దారం చిక్కుపడడం అరుదు కనుక పిల్లలకు ఇది మంచిదే. అయితే దారం మూత లోపలి అంచులకు రాసుకుంటూ, ముందున్న చిన్న రంధ్రం గుండా బయటకు రావాలి. పది గ్రాముల ఎరకు ఆ రాపిడి లెక్కలోది కాదు, మూడు గ్రాముల ఎరకు మాత్రం అదే పెద్ద అడ్డంకి. దానితో ఎక్కువ కాలం గడపలేదు.

స్పిన్నింగ్ రీల్‌కు మారిన తరువాత పని ఒక్కసారిగా సులువైంది. ఇందులో విసిరేటప్పుడు స్పూల్, అంటే దారం చుట్టి ఉండే ఉండ, తిరగదు. నగరి, పుత్తూరు వైపు మగ్గాలు చూసినవారికి దీని పద్ధతి వెంటనే తెలుస్తుంది: నాడెలో కండె కదలకుండా ఉంటే నూలు దాని కొస మీదుగా జారి వచ్చినట్లే, ఇక్కడా దారం స్పూల్ అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. 1905లో ఇటువంటి రీల్‌కు పేటెంట్ పొందిన ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతపు ఉన్ని నూలు మిల్లుల కుటుంబానికి చెందినవాడు కావడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. ఎర లాగవలసింది దారాన్ని మాత్రమే; కాబట్టి బరువు ఎంత తగ్గినా అది ముందుకు వెళ్తుంది.

అయినా రీల్ ఒక్కటే సరిపోదు. స్పూల్ నిండుగా, అంచుకు రెండు మిల్లీమీటర్ల లోపు వరకు, దారం చుట్టాలి. తక్కువ చుడితే అంచు దగ్గర రాపిడి పెరిగి దూరం తగ్గుతుంది. మందపాటి నైలాన్ దారం స్పూల్ మీది వంపులను మరచిపోదు కనుక, తేలిక ఎర దాన్ని తిన్నగా సాగదీయలేదు. ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల బరువును తట్టుకునే, సన్నని పోగులను అల్లిన బ్రెయిడ్ దారం చుట్టి, కొసకు నీటిలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ దారాన్ని మూడు అడుగుల మేర ముడివేసిన తరువాత వచ్చిన తేడా కంటికి కనిపించేంత పెద్దది. కర్ర కూడా ముఖ్యమే. ఐదు నుంచి ఇరవై గ్రాములకని రాసి ఉన్న కర్ర మూడు గ్రాముల బరువుకు వంగదు, వంగని కర్ర ఎరను నెట్టదు. ఒకటి నుంచి ఏడు గ్రాములకు చేసిన మెత్తని కర్ర తీసుకుని, ఎరను కొస నుంచి ఒక అడుగు కిందకు వేలాడదీసి, మణికట్టుతో నిదానంగా వెనుకకు తెచ్చి, ముందుకు ఊపి ఆపితే, కర్రే మిగిలిన పని చేస్తుంది.

తేలిక ఎరతో స్పిన్నింగ్ రీల్‌కు ఉన్న ఇబ్బంది విసిరిన తరువాత వస్తుంది. ఎరకు బరువు లేనందున దారం గాలికి విల్లులా వంగి, వదులుగా స్పూల్ మీదకు చేరి, తరువాతి విసురులో ముద్దగా ఊడివస్తుంది. ఎర నీటిని తాకే క్షణం ముందు స్పూల్ అంచుపై వేలు ఆనించడం, దారాన్ని స్పూల్ మీదకు మళ్లించే తీగ కమ్మి అయిన బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తోనే మూయడం, చుట్టడానికి ముందు దారాన్ని ఒకసారి బిగించడం అలవాటైతే ఆ ముద్దలు దాదాపు రావు. చిక్కుపడి కత్తిరించిన దారం ముక్కలను మాత్రం గట్టున వదలకూడదని గట్టిగా చెబుతాను. కొంగల కాళ్లకు చుట్టుకుంటే అవి విడిపించుకోలేవు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బెయిట్‌కాస్టింగ్ రీల్. ఇందులో దారంతో పాటు స్పూల్ కూడా తిరుగుతుంది. అంటే ఎర ముందుగా స్పూల్‌ను కదిలించాలి, ఆ తరువాత దాని వేగానికి తగినట్లు తానూ ప్రయాణించాలి. బరువు లేని ఎరను గాలి త్వరగా నెమ్మదింపజేస్తుంది, కానీ ఒకసారి వేగం అందుకున్న స్పూల్ అంత త్వరగా నెమ్మదించదు. ఎరకు అవసరమైన దానికంటే ఎక్కువ దారం స్పూల్ నుంచి బయటపడి చిక్కుముడి అయ్యేది అక్కడే. స్పూల్ వేగాన్ని తగ్గించే బ్రేకు పెంచితే చిక్కు తగ్గుతుంది, దూరమూ తగ్గుతుంది. పది పన్నెండు గ్రాముల కప్ప ఎరను నిక్కచ్చిగా కొరమీను పక్కన దించే మామూలు బెయిట్‌కాస్టింగ్ రీల్, మూడు గ్రాముల దగ్గరకు వచ్చేసరికి గట్టు దాటించడానికే కష్టపడింది.

దీనికి జపాన్‌లో అభివృద్ధి చేసిన పరిష్కారం స్పూల్‌నే తేలిక చేయడం. బెయిట్ ఫినెస్ అని పిలిచే ఈ రీళ్లలో స్పూల్ లోతు తక్కువ, బరువు చాలావాటిలో పది గ్రాముల లోపు. దారం బరువు కూడా స్పూల్ బరువులో భాగమే కాబట్టి నేను యాభై మీటర్లకు మించి చుట్టలేదు. చెరువులో పట్టే చేపకు అది సరిపోతుంది. పక్కనున్న బిగింపు మరను స్పూల్ అటూ ఇటూ ఊగనంత వరకే బిగించి, అయస్కాంతపు బ్రేకును మొదట ఎక్కువగా ఉంచి, చేయి కుదిరిన కొద్దీ ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ వచ్చాను. ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో, కొక్కెం తీసేసిన ఎరతో చేసిన సాధన ఇందుకు బాగా ఉపయోగపడింది. విసురు కుదుపుగా ఉంటే స్పూల్ మొదటి క్షణంలోనే ఎరను మించి పరుగెత్తుతుంది. సాఫీగా, పక్కవాటుగా, నీటికి దగ్గరగా విసిరితే స్పూల్‌ను బొటనవేలితో నొక్కి నెమ్మదింపజేసే పని చాలావరకు తగ్గుతుంది.

దూరంలో ఇది ఇప్పటికీ స్పిన్నింగ్ రీల్‌ను దాటలేదు, నా చేతిలో దాటుతుందనీ అనుకోను. కానీ తుంగ దుబ్బుల మధ్య చాపంత ఖాళీలో ఎరను చప్పుడు లేకుండా దించాలంటే, ఎర గాలిలో ఉండగానే బొటనవేలితో అంగుళాల లెక్కన ఆపగలిగే ఈ రీల్‌నే తీసుకుంటాను. ఎదురుగాలి ఉన్న సాయంత్రాల్లో దాన్ని బయటకు తీయను. అప్పుడు గాలి వీపు మీద ఉండే గట్టు వైపు నడిచి, స్పిన్నింగ్ రీల్‌తోనే విసురుతాను. ఒకే బరువున్న ఎరల్లో లావుపాటి ప్లాస్టిక్ చేపను పక్కనపెట్టి, గాలిని చీల్చుకుపోయే సన్నని లోహపు రేకును కడతాను.