పొగతోట ఓపీ కౌంటర్ నుంచి సర్వీస్ ఆపరేషన్స్ దాకా: నా అనుభవం

నెల్లూరులో డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పొగతోటలోని ఒక ప్రైవేటు హాస్పిటల్లో. పేరుకు సిస్టమ్ అడ్మిన్. చేసేదేమో ఓపీ కౌంటర్ ప్రింటర్లో ఇరుక్కున్న చీటీలు పీకడం, టోనర్లు మార్చడం, నెట్ పోతే కేబుల్ వెంట నడుచుకుంటూ పోయి ఎక్కడ తెగిందో చూడటం. తోటివాళ్ళు బెంగళూరులో కోడింగ్ చేస్తుంటే, ఇంట్లో "సాఫ్ట్‌వేర్‌లోకి ఎప్పుడు పోతావు?" అని అడుగుతూనే ఉండేవాళ్ళు. నేనూ చాన్నాళ్ళు అది తాత్కాలికమే అనుకున్నాను. ఇప్పుడు హాస్పిటళ్ళ అప్లికేషన్లు చూసే సపోర్ట్ టీమ్‌ను నడుపుతున్నాను. ఈ రంగంలో నిలబడ్డానంటే ఆ కౌంటర్ దగ్గర గడిపిన రోజులే కారణం.

ఎందుకంటే హాస్పిటల్ ఎలా నడుస్తుందో అక్కడే తెలిసింది. పేషెంట్‌కు యూహెచ్‌ఐడీ (హాస్పిటల్ ఒక్కో మనిషికి ఇచ్చే గుర్తింపు నంబర్) పడాలి, డాక్టర్ రాసిన టెస్ట్ ల్యాబ్‌కు చేరాలి, శాంపిల్ మీద బార్‌కోడ్ అంటించాలి, రిజల్ట్ తిరిగి వార్డుకు రావాలి, బిల్లు తేలాలి, అప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ. ఆరోగ్యశ్రీ కేసయితే ప్రీ ఆథ్, అంటే ముందస్తు అనుమతి, ఆన్‌లైన్‌లో అప్రూవ్ కావాలి. నెట్ పోయిందంటే ఆ డెస్క్ ముందు నిలబడ్డ బంధువుల టెన్షన్ చూడాల్సిందే. ఒకసారి కరెంటు పోయొచ్చి సిస్టమ్‌లన్నీ పడిపోయాయి. అకౌంట్స్ వాళ్ళ కేకలకు నేను బిల్లింగ్ వైపు పరిగెడుతుంటే హెడ్ సిస్టర్ ఆపింది. "బిల్లింగ్ ఏడికి పోద్దిగానీ అబ్బయ్యా, ముందు బ్లడ్ బ్యాంక్ సిస్టమ్ లేపు" అంది. ప్రయారిటీ గురించి తర్వాత ఎన్ని ట్రైనింగ్‌లు విన్నా అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత చెన్నై. అమెరికా హాస్పిటళ్ళకు సర్వీస్ డెస్క్, నైట్ షిఫ్టులు. అక్కడికి పోయే ముందు ఐటిల్ ఫౌండేషన్ అని, ఐటీ సర్వీసులు నడిపే పద్ధతుల మీద ఉండే పరీక్ష సొంత డబ్బుతో రాశాను. కంపెనీ కడితే బాండ్ అంటుంది కాబట్టి. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరిగ్గా రాస్తే పాస్. ఆ సర్టిఫికెట్ ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది, అంతే. అక్కడ నన్ను అడిగినవన్నీ వార్డులో రిజల్ట్ కనపడకపోతే ఏం చేస్తావనే తరహా ప్రశ్నలే. ముందుగా ఫోన్లెత్తే ఎల్1 నుంచి, వాళ్ళకు తేలనివి చూసే ఎల్2కు రావడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఓపిక ఉంటే చాలు. ఆ తర్వాత మెట్టు మాత్రం ఓపికతో ఎక్కేది కాదు, డేటా ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు ఎలా పోతుందో తెలియాలి.

నాకది తెలిసింది ఒక రాత్రి. మన దేశంలోని ఒక హాస్పిటల్ గ్రూప్‌కు సపోర్ట్ చేస్తున్నాం. ల్యాబ్ రిజల్ట్‌లు వార్డు స్క్రీన్ల మీదికి రావడం ఆగిపోయింది. మానిటరింగ్ స్క్రీన్లో సర్వర్లన్నీ పచ్చగానే, అంటే బాగానే ఉన్నాయి. ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి, పొటాషియం లాంటి క్రిటికల్ వాల్యూస్ ఏవైనా వస్తే ఐసీయూకు ఫోన్లో చెప్పి రాయించమన్నాం. ఆ తర్వాతే లాగ్‌లు తెరిచాం. హాస్పిటల్ సిస్టమ్‌లు ఒకదానికొకటి డేటా పంపుకునే హెచ్‌ఎల్7 మెసేజ్‌లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య నిలువు గీత ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఎవరో పేషెంట్ పేరు పక్కన నిలువు గీత కొట్టి తండ్రి పేరు టైప్ చేశారు. దాంతో గడులన్నీ ఒకటి జరిగి, పుట్టిన తేదీ ఉండాల్సిన చోటికి వేరేది వచ్చింది. అవతలి సిస్టమ్ ఒప్పుకోలేదు. మధ్యలో మెసేజ్‌లు చేరవేసే ఇంటర్‌ఫేస్ ఇంజిన్ అదే మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ పంపుతూ, వెనకున్నవాటిని కదలనివ్వలేదు. ఆ ఒక్కదాన్ని పక్కకు తీయగానే మిగతావి బిలబిలా వెళ్ళిపోయాయి. ఇన్సిడెంట్, అంటే పని ఆగిపోవడం, అక్కడితో అయిపోయింది. ప్రాబ్లమ్, అంటే దాని అసలు కారణం మీద రాసుకున్న టికెట్, మాత్రం రిజిస్ట్రేషన్ స్క్రీన్ ఆ గుర్తును తీసుకోకుండా మార్పించేదాకా తెరిచే ఉంచాను. ఆ పట్టు వల్లే ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్‌లోకి తీసుకున్నారు.

మధ్యలో ఒక కంపెనీలో చేరి త్వరగానే బయటికొచ్చాను. సమస్య తీరకపోయినా గడువులోపల టికెట్ మూసేసి, యూజర్ మళ్ళీ ఫోన్ చేస్తే కొత్త నంబర్ ఇచ్చేవాళ్ళు. నెలాఖరు రిపోర్టులో ఎస్‌ఎల్‌ఏ (గడువులోపల తీరుస్తామని ఒప్పుకున్న లెక్క) అద్దంలా ఉండేది. నర్సులు మాకు ఫోన్ చేయడమే మానేశారు.

కోవిడ్‌తో ఇంటికొచ్చి కోవూరు నుంచి పని చేస్తున్న కాలంలో, 2021 నవంబర్‌లో పెన్నకు వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైల్వే లైన్ దెబ్బతింది, హైవే మీదా రాకపోకలు ఆగిపోయాయి. మా ఇంట్లో కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు. అయినా చెన్నైలోని షిఫ్ట్ అమ్మాయి నాకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా పని నడిపింది. ఎందుకంటే రోజూ షిఫ్ట్ అప్పగించేటప్పుడు రాసే హ్యాండోవర్ నోట్‌లో ఏది తెరిచి ఉంది, ఏం చేసి చూశాం, ఎవరికి చెప్పాం అని చాదస్తంగా రాసే అలవాటు నాది. టీమ్‌లో దానిమీద జోకులు వేసేవాళ్ళు.

తిరిగి నెల్లూరు హాస్పిటళ్ళతో పని మొదలయ్యాక అసలు తలనొప్పి పెంచలయ్యలతో. పెంచలకోన స్వామి పేరు కదా, ఒకే ఊర్లో ముగ్గురుంటారు. వయసెంతంటే "ఉంటాయి యాభై" అంటారు. తొందరలో ఒకే మనిషికి రెండు యూహెచ్‌ఐడీలు పడతాయి, లేదా ఇద్దరి రిపోర్టులు ఒకే ఫైల్లో చేరతాయి. రెండోది ప్రమాదం. మెడికల్ రికార్డ్స్ వాళ్ళ సంతకం లేకుండా రెండు నంబర్లను కలపకూడదని పట్టుబట్టాను. మొదట్లో విసుక్కున్నారు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా అయిన ఆభా కింద 14 అంకెల నంబర్ ఉన్నవాళ్ళతో ఈ బాధ కొంత తగ్గుతోంది.

సిస్టమ్‌లు ఆగితే కాగితాల మీద పని ఎలా నడపాలో ముందే సాధన చేసే డౌన్‌టైమ్ డ్రిల్ చేద్దామంటే యాజమాన్యాలు వినేవి కావు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగి, ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ పనులు రోజుల తరబడి చేతిరాతతో నడిచాక విన్నారు. ఇప్పుడు ప్రతి వార్డులో ఒక డబ్బా ఉంటుంది. అందులో అచ్చేసిన ఫారాలు, ముందే పక్కన పెట్టిన యూహెచ్‌ఐడీ నంబర్లు, సిస్టమ్ వచ్చాక ఏది ముందు ఎక్కించాలో చెప్పే కాగితం.

డెవలపర్లతో పోలిస్తే మా జీతాలు నెమ్మదిగా పెరుగుతాయి, సంక్రాంతికీ ఆన్‌కాల్ తప్పదు. ఇష్టమైతేనే రండి అని వచ్చినవాళ్ళకు ముందే చెబుతాను. ఇంటర్వ్యూలో నా ప్రశ్న ఒకటే: "సోమవారం పొద్దున ఓపీ సిస్టమ్ ఆగిపోయింది, ఏం చేస్తావు?" చాలామంది సర్వర్ రీస్టార్ట్‌తో మొదలుపెడతారు. మొన్న కావలి నుంచి వచ్చిన ఒకమ్మాయి "క్యాజువాలిటీ కూడా ఆగిందా సార్?" అని తిరిగి నన్నే అడిగింది. వచ్చే నెల చేరుతోంది.